ఒక్కనాటి జాలి చాలదు

డిసెంబరు నెల వచ్చిందంటే మన సంఘాల్లో ఎవరికీ తీరిక ఉండదు. సెమీ క్రిస్మస్ కూటాలు, కరోల్స్, మందిరానికి సున్నాలు, ఇంట్లో పిండివంటలు. ఇంత హడావుడిలోనూ చాలా సంఘాలు మరచిపోకుండా చేసే మంచి పని ఒకటుంది. దగ్గరలోని అనాథ పిల్లల హాస్టలుకు వెళ్లి కేకు కోయించి, బట్టలు, బిస్కెట్లు పంచి రావడం. ఈ పనిని తక్కువ చేసి మాట్లాడాలన్నది మన ఉద్దేశం కాదు. కానీ హాస్టలులో ఆ రోజు జరిగేది ఒకసారి పిల్లల వైపు నుంచి చూద్దాం. ఒకే సాయంత్రం మూడు సంఘాలు వస్తాయి. మొదటి సంఘం తెచ్చిన కేకును పిల్లలు ఆశగా తింటారు. రెండో సంఘం తెచ్చినదాన్ని మర్యాద కోసం తింటారు. మూడో కేకు మర్నాటికి పాడైపోతుంది. మూడుసార్లూ బ్యానరు ముందు నిలబడి ఫొటో దిగుతారు. జనవరి రెండో వారానికి ఆ దారిన వచ్చేవారుండరు. జూన్‌లో బడులు తెరుస్తారు. నోటుపుస్తకాలు కావాలి, చెప్పులు కావాలి, పదో తరగతి పిల్లకు ఫీజు కట్టాలి. అప్పుడు వార్డెన్ ఫోను చేస్తే మనలో ఎంతమందిమి తీస్తాం?

మనకు ప్రేమ లేదనలేం. ఆ ప్రేమకు ఒక వరుస లేదు, అంతే. ఒక రోజు పొంగి పొర్లుతుంది, మిగతా రోజులన్నీ ఎండిపోతుంది. ఈ లోపాన్ని సుమారు నాలుగు వందల ఏళ్ల క్రితమే గుర్తించి సరిదిద్దుకున్న స్త్రీలు కొందరున్నారు. వాళ్లు ఫ్రాన్స్ దేశస్థులు. మన సంఘాలవాళ్లు కాదు, రోమన్ కథోలికులు. మన ఊళ్లలో ‘ఆర్సీఎం వాళ్లు’ అంటామే, ఆ సంఘపు స్త్రీలు. తల్లిదండ్రులు వదిలేసిన పసికందుల కోసం వాళ్లు డబ్బు ఎలా పోగుచేశారో, ఆ డబ్బు అయిపోయినప్పుడు ఏం చేశారో మనం తెలుసుకోవడం మంచిది.

దారి పొడవునా స్త్రీలు

1617 ఆగస్టులో ఒక ఆదివారం. ఫ్రాన్స్‌లోని షాతియాన్ అనే చిన్న ఊరి గుడిలో విన్సెంట్ డి పాల్ అనే గురువు ఆరాధనకు సిద్ధమవుతున్నాడు. అంతలో ఒక కబురు వచ్చింది. ఊరి బయట ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారు, ఒకరికి మంచినీళ్లిచ్చేందుకు మరొకరు లేవలేని స్థితి. ఆయన ఆ రోజు ప్రసంగంలో ఆ సంగతి చెప్పాడు. మధ్యాహ్నం తానే ఆ ఇంటికి బయలుదేరాడు. దారి పొడవునా స్త్రీలే! కొందరు రొట్టెలు, మాంసం మోసుకుని వెళ్తున్నారు, కొందరు ఇచ్చి తిరిగి వస్తున్నారు, మరికొందరు ఎండకు తాళలేక దారి పక్కన కూర్చుని సేదదీరుతున్నారు.

మనమైతే ఆ దృశ్యం చూసి, దేవునికి స్తోత్రం చెప్పి, ఫొటో తీసి ఇంటికి వచ్చేవాళ్లం. విన్సెంట్ కూడా సంతోషించాడు. కానీ ఆయనకు వెంటనే ఒక ఆలోచన వచ్చింది. ఇంత తిండి ఈ ఒక్కరోజు ఆ ఇంట్లో ఎవరు తింటారు? సగం పాడైపోతుంది. రేపు, ఎల్లుండి వీళ్లు మళ్లీ పస్తులే కదా! వీరికి దయ ఎంతో ఉంది, ఏర్పాటు మాత్రం లేదని ఆయనకు అర్థమైంది. మూడు రోజులకే ఆ ఊరి స్త్రీలు కొందరు కూడుకుని, రోజుకొకరు చొప్పున వంతులు వేసుకున్నారు. డిసెంబరు నాటికి అది నియమావళితో సహా ఒక సంఘమైంది. ‘చారిటీ’ సంఘం అన్నారు దాన్ని. ఆ స్త్రీలకు కాలక్రమంలో ‘లేడీస్ ఆఫ్ చారిటీ’ అన్న పేరు స్థిరపడింది.

ఆ నియమావళిలోని విషయాలు నేటికీ ఆశ్చర్యం కలిగిస్తాయి. ఆనాటి వంతు స్త్రీ భోజనం వండి తీసుకెళ్లాలి. రోగిని నవ్వుముఖంతో పలకరించాలి. మంచం మీద శుభ్రమైన గుడ్డ పరచి, చేతులు కడిగించి, ప్రార్థన చేసి వడ్డించాలి. కన్నతల్లి కొడుకుకు తినిపించినట్టు తినిపించాలి. ఇంట్లో తోడున్న రోగుల దగ్గరకు ముందు వెళ్లాలి, ఎవరూ లేని రోగి దగ్గరకు చివర వెళ్లాలి. ఎందుకో తెలుసా? అలా అయితే ఆ ఒంటరివాడి దగ్గర ఎక్కువసేపు కూర్చోవచ్చు! ఇక సంఘం సొమ్ముకు ఒక కోశాధికారి ఉండాలి, ఏటేటా లెక్క అప్పజెప్పాలి. ప్రేమకు లెక్కల పుస్తకం ఎందుకని వాళ్లు అనుకోలేదు.

మన ప్రొటెస్టంట్ పాఠకులకు ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. విన్సెంట్ షాతియాన్‌కు వచ్చిన కొత్తలో గురువుల ఇల్లు నివాసయోగ్యంగా లేదు. ఆయనకు తన ఇంట్లో చోటిచ్చినవాడు జాన్ కాల్విన్ బోధను అనుసరించే ఒక ప్రొటెస్టంట్ యువకుడు. కొంతకాలానికి ఆ యువకుడు కథోలికుడయ్యాడన్నదీ నిజమే. ఆ కాలపు ఫ్రాన్స్ ఈ రెండు వర్గాల యుద్ధాలలో రక్తం చిందించిన దేశం. అలాంటి దేశంలో ఒక ప్రొటెస్టంట్ ఇంట్లో తలదాచుకున్న గురువు చేతుల మీదుగా ఈ స్త్రీల సంఘం పుట్టింది.

పన్నెండు చీట్లు

1634లో పారిస్ నగరంలో ఈ పని కొత్త రూపం దాల్చింది. భర్తను పోగొట్టుకున్న గూసో అనే మహిళ పట్టుబట్టి, నగరంలోని పెద్దాసుపత్రిలో రోగులను పరామర్శించేందుకు సంపన్న స్త్రీలను కూడగట్టింది. కొద్ది ఏళ్లకే వారి దృష్టి మరో చోటికి మళ్లింది. ఆ రోజుల్లో పారిస్ వీధుల్లో, గుడిమెట్ల మీద పసికందులను వదిలిపోయేవారు. ఏడాదిలో రోజులెన్నో దాదాపు అంతమంది! వారిని ‘లా కూష్’ అనే ఒక ఇంటికి చేర్చేవారు. ఒక విధవరాలు, ఇద్దరు పనివాళ్లు తప్ప అక్కడ చూసే దిక్కు లేదు. పాలిచ్చే దాదులకు ఇవ్వడానికి డబ్బు లేదు. ఏడుపు మాన్పించడానికి మత్తుమందు పెట్టేవారు. కొందరిని కొద్దిపాటి నాణేలకు బిచ్చగాళ్లకు అమ్మేసేవారని విన్సెంట్ చెప్పాడు. అక్కడ చేరిన పిల్లలు బతికి బట్టకట్టడం దాదాపు లేనేలేదు.

1638లో ఈ స్త్రీలు ఆ ఇంటికి వెళ్లి చూశారు. చూశాక ఊరుకోలేకపోయారు. కానీ అందరినీ తెచ్చుకునే శక్తి తమకు లేదని వారికి తెలుసు. ఉన్న డబ్బుతో ఎంతమందిని సాకగలమో లెక్క వేసుకున్నారు. పన్నెండు మంది. ఆ పన్నెండు మందిని ఎలా ఎంచాలి? అందమైన బిడ్డనా, ఆరోగ్యంగా ఉన్న బిడ్డనా? అలా ఎంచడానికి మనస్సాక్షి ఒప్పుకోక చీట్లు వేశారు. చీటీ వచ్చిన పన్నెండు మందిని తెచ్చుకున్నారు, తక్కినవారిని అక్కడే వదిలి వచ్చారు. ఆ తిరుగు ప్రయాణంలో వారి గుండెలు ఎంత బరువెక్కి ఉంటాయో మనం ఊహించుకోవచ్చు. ఆ బరువును వాళ్లు మరచిపోలేదు. 1640లో మళ్లీ కూడుకుని, ఇకమీదట పిల్లలందరినీ తీసుకోవాలని నిర్ణయించారు.

వారిలో ధనిక స్త్రీలు, అధికారుల భార్యలు, రాజవంశానికి దగ్గరివారు ఉన్నారు. కానీ డబ్బివ్వడం ఒక ఎత్తు, చేతులతో సేవ చేయడం ఒక ఎత్తు. పెద్దింటి స్త్రీలలో కొందరు తమ వంతు రోజున పనిమనుషులను పంపడం మొదలుపెట్టారు. ఈ లోటు తీర్చింది పల్లెటూరి పేద అమ్మాయిలు. వారిలో మొదటిది మార్గరీత్ నాసో. ఆవులు కాస్తూ, దారినపోయేవాళ్లను అడిగి అక్షరాలు నేర్చుకున్న పిల్ల. 1633లో తెగులు సోకిన ఒక స్త్రీని తన మంచం మీదే పడుకోబెట్టుకుని, అదే తెగులుతో మరణించింది. ఇలాంటి అమ్మాయిలను చేరదీసి తర్ఫీదిచ్చినది లూయీస్ డి మరిలాక్ అనే విధవరాలు. పసిపిల్లలను సాకే భారం వీరి భుజాలపై పడింది. పల్లెల్లో దాదులను కుదిర్చి, నెలనెలా జీతమిచ్చి, బిడ్డలు ఎలా ఉన్నారో ఇల్లిల్లూ తిరిగి చూసేవారు.

లూయీస్ గురించి ఒక్కమాట. ఆమె 1591లో పెద్ద వంశంలోనే పుట్టింది. కానీ తల్లి ఎవరో ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. తల్లి ఎరుగని ఆ బిడ్డే వందలాది తల్లి లేని బిడ్డలకు తల్లి అయింది. తల్లిదండ్రులు విడిచినా యెహోవా చేరదీస్తాడన్న కీర్తనకారుని నమ్మకానికి (కీర్తనలు 27:10) ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది?

డబ్బు అయిపోయిన రోజు

అసలు పరీక్ష ఇంకా ముందుంది. పిల్లల సంఖ్య పెరిగింది, ఖర్చు పెరిగింది. 1647లో కొందరిని బిసెత్ర అనే పాత కోటకు మార్చారు. 1648లో ఫ్రాన్స్‌లో అంతర్యుద్ధం మొదలైంది. దానాలిచ్చే కుటుంబాలే ఇబ్బందుల్లో పడ్డాయి. రొట్టెలవాడికి బాకీ, దాదులకు బాకీ. ఇక మా వల్ల కాదు, పిల్లలను వదిలేద్దాం అన్న మాట స్త్రీల సంఘంలో వినబడసాగింది. వారిని నిందించడం తేలిక. కానీ పదేళ్లుగా చందాలెత్తి అలసిపోయిన స్త్రీలు వాళ్లు. పైగా ఆనాటి సమాజం దృష్టిలో ఆ పిల్లలు పాపానికి పుట్టినవాళ్లు, శాపగ్రస్తులు. అలాంటివారి కోసం ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లూ ఉన్నారు.

ఈ సంక్షోభం రోజుల్లోనే విన్సెంట్ ఆ స్త్రీలను సమావేశపరచి మాట్లాడిన మాటలు చరిత్రలో నిలిచిపోయాయి. ఆయన బతిమాలలేదు, బెదిరించలేదు. కన్నతల్లులు వదిలేసిన నాటి నుంచి దయవల్ల మీరు ఈ పిల్లలకు తల్లులయ్యారని గుర్తుచేశాడు. ఇప్పుడు కాసేపు తల్లులుగా ఉండడం మాని న్యాయాధిపతులుగా కూర్చోండి, నేను మీ ఓట్లు అడుగుతాను, వీరు బతకాలో చావాలో తీర్పు చెప్పండి అన్నాడు. మీరు పట్టుకుంటే బతుకుతారు, వదిలితే చస్తారు, ఇందులో సందేహం లేదన్నాడు.

వాళ్లు వదలలేదు. కష్టాలు ఆ రోజుతో తీరిపోలేదు. 1649లో కూడా డబ్బు లేదని, పిల్లలకు రొట్టె లేదని లూయీస్ ఉత్తరాలు రాస్తూనే ఉంది. అయినా పని ఆగలేదు. 1660లో విన్సెంట్, లూయీస్ ఇద్దరూ కొద్ది నెలల తేడాతో కన్నుమూశారు. వారి తరువాత 1670లో ఫ్రాన్స్ రాజు ఆ పిల్లల ఆశ్రమాన్ని ప్రభుత్వ సంస్థగా గుర్తించాడు. పన్నెండు చీట్లతో మొదలైన పనిని ముప్పై రెండేళ్లకు ఒక రాజ్యం తన బాధ్యతగా ఒప్పుకుంది. షాతియాన్‌లో పుట్టిన ఆ స్త్రీల సంఘం నేటికీ యాభైకి పైగా దేశాల్లో పనిచేస్తోంది.

పరలోకపు లెక్క

‘ఇదంతా బాగానే ఉంది కానీ వాళ్లు క్రియల వల్ల రక్షణ వస్తుందనుకుని చేశారు కదా, మనకెందుకు?’ అని అడిగేవారు మన సంఘాల్లో ఉంటారు. ఆ ప్రశ్నను పక్కన పెట్టేయనక్కర్లేదు. సిద్ధాంతంలో కథోలికులకూ మనకూ మధ్య తేడాలున్నాయి. పునీతులను వేడుకోవడం మనకు సమ్మతం కాదు. రక్షణ కేవలం కృప చేతనే, విశ్వాసం ద్వారానే అన్నది మన సంఘాలకు ప్రాణంతో సమానమైన సత్యం. దానిని మనం వదులుకోనక్కర్లేదు. అయితే ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాలు కంఠతా చెప్పే మనం పదో వచనం దగ్గర ఎందుకు ఆగిపోతాం? సత్‌క్రియలు చేయడానికే మనం క్రీస్తులో సృష్టించబడ్డామని, వాటిని దేవుడు ముందుగానే సిద్ధపరిచాడని ఆ వచనం చెబుతోంది. క్రియలు రక్షణకు వేరు కావు, నిజమే. మరి ఆ చెట్టుకు కాయలైనా ఉండాలి కదా!

ప్రభువు చెప్పిన మంచి సమరయుని ఉపమానం (లూకా 10:25-37) గుర్తు చేసుకుందాం. ఆరాధన విషయంలో యూదులకూ సమరయులకూ పొత్తు లేదు. అయినా ప్రభువు ధర్మశాస్త్రోపదేశకునికి మాదిరిగా చూపించింది ఒక సమరయుణ్ణే. నువ్వూ వెళ్లి అలాగే చేయమన్నాడు. వేరే గుంపువాడిలోని మంచిని చూసి నేర్చుకోవడం ప్రభువు ఆజ్ఞే అన్నమాట.

ఆ ఉపమానంలో మనం అంతగా పట్టించుకోని మాట ఇంకొకటుంది. సమరయుడు గాయాలు కట్టి సత్రానికి తీసుకెళ్లడంతో పని ముగించలేదు. మర్నాడు రెండు దేనారములు సత్రంవాడి చేతిలో పెట్టాడు. ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ఆ దారిన పోయిన ముగ్గురిలో మళ్లీ వస్తానన్నది అతనొక్కడే! ఆ గాయపడినవాడిని నిజంగా కోలుకునేలా చేసింది మొదటి రోజు పోసిన నూనె, ద్రాక్షారసం మాత్రమే కాదు, రెండో రోజు ఇచ్చిన సొమ్ము, మూడో రోజుకు ఇచ్చిన మాట కూడా.

నిర్గమకాండం రెండో అధ్యాయం చూడండి. ఏటి ఒడ్డున పెట్టెలో ఏడుస్తున్న బిడ్డను చూసి ఫరో కుమార్తె కనికరించింది. కనికరం అక్కడితో ఆగి ఉంటే ఆ బిడ్డ ఏమయ్యేవాడు? ఆమె పాలిచ్చే దాదిని కుదిర్చింది, జీతం కూడా ఇస్తానంది (2:9). వదిలేసిన బిడ్డను సాకడానికి దాదికి జీతం! పారిస్ స్త్రీలు చేసింది కూడా అదే. ఇశ్రాయేలుకు విమోచకుడు కావలసిన మోషేను పాలు మాన్పించేదాకా పెంచింది ఒక అన్య స్త్రీ ఇచ్చిన జీతం. దేవుడు ఆ సొమ్మును తోసిపుచ్చలేదు.

పౌలు కూడా యెరూషలేము బీదల కోసం కానుక పోగుచేయమన్నప్పుడు, నేను వచ్చినప్పుడు ఒక్కసారిగా తెండి అనలేదు. ప్రతి ఆదివారం ఎవరి వర్ధిల్లత కొద్దీ వారు కొంత తీసి దగ్గర ఉంచుకోమన్నాడు (1 కొరింథీ 16:2). ఆ సొమ్ము విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా, ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికీ యోగ్యంగా ఉండాలని ఒక్కడే కాక తోటివారితో కలిసి జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:20-21). క్రమంగా తీయడం, సరిగా లెక్క చెప్పడం. ఇవి కథోలిక ఆచారాలు కావు, అపొస్తలుల బోధ.

‘మేం విశ్వాస పరిచర్య చేసేవాళ్లం, చందాలెత్తం, దేవుణ్ణే అడుగుతాం’ అనేవారికి బ్రిస్టల్ నగరపు జార్జి ముల్లర్ ఆదర్శం. 1836 నుంచి పదివేల మందికి పైగా అనాథలను సాకిన ఆ దైవజనుడు మనుషులను డబ్బు అడగలేదన్నది నిజం. అయితే ఆయన వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసి, ఏటేటా నివేదిక అచ్చువేయించాడన్నదీ అంతే నిజం. మన విశ్వాస పరిచర్యల్లో ముల్లర్ మోకాళ్లను అనుకరించేవారు ఉన్నారు, ముల్లర్ లెక్కల పుస్తకాన్ని అనుకరించేవారు మాత్రం అరుదు.

మనం ఎవరి కానుకల మీద నిలబడ్డాం?

అసలు తెలుగు ప్రొటెస్టంట్లమైన మనకు స్త్రీల చందాల విలువ ఒకరు చెప్పాలా? 1883లో గుంటూరులో అడుగుపెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను పంపింది అమెరికా లూథరన్ స్త్రీల మిషనరీ సంఘం. 1898లో అక్కడ తెరిచిన ఆసుపత్రి వెనుక మన ఊరు పేరు కూడా పలకలేని స్త్రీల పొదుపు ఉంది. 1869లో బోస్టన్‌లో పుట్టిన మెథడిస్టు స్త్రీల సంఘం తన సభ్యురాళ్లను అడిగింది వారానికి రెండు సెంట్లు మాత్రమే. అలాంటి చిల్లర నాణేలతోనే మన ముత్తవ్వల చేతికి పలక వచ్చింది, కాన్పులో ప్రాణం నిలిచింది. ఆ స్త్రీలు ఒక్క క్రిస్మస్‌కు ఇచ్చి ఊరుకుని ఉంటే మన పల్లెల్లో బడి ఉండేదా?

మనకూ సొంత సంప్రదాయం ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసి దేవునికని వేరే కుండలో పోసిన అమ్మలు మన అమ్మలే. ఆదివారం ఆ బియ్యం మూటలు మందిరానికి వచ్చేవి. కూలికి పోయే తల్లి కూడా తాను తినే దాంట్లోంచే తీసి ఇచ్చింది. మిజోరం ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన గుప్పెడు బియ్యం పద్ధతిని నేటికీ విడవలేదు, వారి సంఘ పరిచర్యకు అది పెద్ద అండ. మనం మాత్రం గ్యాసు పొయ్యి వచ్చాక కుండనూ మరచాం, గుప్పెడునూ మరచాం.

ఇప్పుడు ఆ గుప్పెడు అవసరం మళ్లీ వచ్చింది. చాలాకాలం మన పిల్లల ఆశ్రమాలు విదేశీ సహాయం మీద నడిచాయి. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. అలా వచ్చిన సొమ్మును ఒక సంస్థ మరో సంస్థకు బదలాయించకూడదన్నారు. పెద్ద సంస్థల ద్వారా సాయం అందుకుంటున్న చిన్న ఆశ్రమాలకు ఆ దారి మూసుకుపోయింది. దీని మంచిచెడ్డలు ఎవరెలా వాదించినా, పిల్లల పళ్లెం ఆ వాదన తేలేదాకా ఆగదు. పొరుగు దేశపు అవ్వలు నూరేళ్లు మోసిన భారాన్ని మన అమ్మలూ అక్కలూ ఎత్తుకోవలసిన సమయం ఇది. సంఘంలోని మగవారికి ఇందులో మినహాయింపు లేదు సుమా!

ఎలా మొదలుపెట్టాలి? పారిస్ స్త్రీలలాగే. ముందు లెక్క వేసుకోవాలి. మన స్త్రీల సమాజం ఏడాది పొడవునా ఎంతమంది పిల్లలను పట్టుకోగలదు? పన్నెండు మందినా? ముగ్గురినా? ముగ్గురైతే ముగ్గురే. ముప్పైమందికి ఒక పూట కేకు పెట్టడం కన్నా, ముగ్గురికి పదో తరగతి దాకా ఫీజు కట్టడం మేలు. నెలకొకరు చొప్పున వంతు వేసుకుని ఆ పిల్లలను చూసి రావాలి, డబ్బు పంపి ఊరుకోకూడదు. కోత పండుగ వేలంలో గుమ్మడికాయలు, కోళ్ల మీద వచ్చిన సొమ్ములో ఇంత భాగం పిల్లలదని ముందే రాసుకోవాలి. ఆ సొమ్మును మందిరం ప్రహరీ గోడకో, కొత్త స్పీకర్లకో మళ్లించకూడదు. ఏడాదికొకసారి సంఘం ఎదుట నిలబడి లెక్క చదవాలి. ఫొటోలో పిల్లల ముఖాలు లేకపోతే పరిచర్య తక్కువేమీ కాదు. పెద్దయ్యాక ఆ ఫొటో ఆ పిల్లకు అవమానంగా తోచవచ్చు.

మరో రెండు జాగ్రత్తలు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను ఉంచే ప్రతి ఆశ్రమానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేని చోటికి డబ్బు పంపడం దయ అనిపించుకోదు, నిర్లక్ష్యం అవుతుంది. ఇక తండ్రి పోయి తల్లి ఉన్న పిల్లలను, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలను పేదరికం ఒక్క కారణంతో హాస్టలుకు తోలనక్కర్లేదు. అలాంటి కుటుంబాల కోసం ప్రభుత్వ ‘మిషన్ వాత్సల్య’ పథకంలో, 2022 మార్గదర్శకాల ప్రకారం, అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. చదువురాని ఆ అమ్మమ్మతో కలిసి ఆఫీసుకు వెళ్లి, దరఖాస్తు నింపి, కాగితాలు జతచేసి పెట్టే ఒక సహోదరి ఉంటే చాలు. ఆ బిడ్డ సొంత ఇంట్లోనే, సొంత మనుషుల మధ్యే పెరుగుతుంది. దొర్కా కుట్టిన అంగీలు చూపించి విధవరాండ్రు ఏడ్చారని అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో చదువుతాం. ఆమె చేసిన ప్రసంగాలేవీ అక్కడ లేవు. దరఖాస్తు నింపిన చెయ్యి కూడా దొర్కా చెయ్యే.

తండ్రి లేనివారినీ విధవరాండ్రనూ వారి ఇబ్బందిలో పరామర్శించడమే పవిత్రమైన, నిష్కళంకమైన భక్తి అన్నాడు యాకోబు (1:27). ఇబ్బందిలో అన్నాడు. పండుగలో అనలేదు. పండుగనాడు ఎలాగూ అందరూ వస్తారు. ఇబ్బంది మాత్రం జూన్‌లో వస్తుంది, జ్వరంలో వస్తుంది, పరీక్ష ఫీజు ఆఖరు తేదీన వస్తుంది.

ఈ క్రిస్మస్‌కు కూడా మనం హాస్టలుకు వెళ్దాం, తప్పకుండా వెళ్దాం. కేకు కూడా తీసుకెళ్దాం. పిల్లలకు కేకంటే ఇష్టమే కదా! అయితే తిరిగి వచ్చే ముందు వార్డెన్‌ను పక్కకు పిలిచి, జూన్‌లో ఏం కావాలని అడిగి, కాగితం మీద రాసుకుని వద్దాం. పశువుల తొట్టిలో పడుకోబెట్టిన శిశువును చూడడానికి వచ్చిన గొర్రెల కాపరులు, జ్ఞానులు తిరిగి వెళ్లిపోయారు. ఆ తరువాత అర్ధరాత్రి లేచి, బిడ్డనెత్తుకుని ఐగుప్తు దాకా నడిచింది యోసేపు, మరియ. చూడడానికి వచ్చినవారి సంతోషం నిజమైనదే. ఎత్తుకుని నడిచినవారి ప్రేమ ఆ బిడ్డను బతికించింది. మన ఊళ్లోని బిడ్డలకు కావలసింది ఎత్తుకుని నడిచేవారు. ప్రభువు తన పేరిట ఒక చిన్న బిడ్డను చేర్చుకున్నవారు తనను చేర్చుకున్నట్టేనన్నాడు (మత్తయి 18:5). చేర్చుకున్నాక మధ్యదారిలో దించేయకుండా ఉండే కృపను కూడా ఆయననే అడుగుదాం.